పరీక్ష తప్పినప్పుడు

బడిపంతులుగారి ఇంట కాపురము చేయు ఇల్లాండ్రకు పరీక్షలన్న క్రొత్త గాదు. వేసవి తలుపు తట్టుసరికి మా యింట బల్లమీదను, మంచము క్రిందను, తుదకు ఊరగాయజాడీల ప్రక్కను గూడ జవాబుకాగితముల కట్టలే. ఎఱ్ఱసిరా మరక పడని దుప్పటి మా యింట లేదు. అయినను మేమిచ్చట చెప్పబూనినది ఆ పరీక్షలను గూర్చి కాదు. పనిపాటలు తీరిన పిదప, పిల్లలు నిద్రించిన వేళ, మేము స్వయముగా దిద్దుచున్న మఱియొక జాతి పరీక్షలు కలవు. వానిని గూర్చియు, వానివిషయమున మేమొనర్చిన యొక తప్పును గూర్చియు విన్నవించుకొనుచున్నాము.

మా చదువు ఇంటి చదువు. నాన్నగారు వసారాలో కూర్చుండబెట్టి అమరము వల్లెవేయించిరి, రఘువంశము చెప్పిరి, కవిత్రయ భారతమును పర్వములవెంబడి చదివించిరి. కళాశాల గడప మేమెఱుగము. 2018వ సంవత్సరమున మావారు పాతదొక కంప్యూటరును కొనితెచ్చిరి. వెలపెట్టి కొననక్కఱలేని, ఎవరైనను విప్పి చూచి దిద్దుకొనదగిన సాఫ్ట్‌వేరును దానిలో నింపిరి. దాని పేరు డెబియన్. మొదట తెలుగు అక్షరములు కొట్టుట నేర్చితిమి. అక్షరములు సరిగా అతుకకపోయినప్పుడు ఎవరికి చెప్పుకొనవలెనని విచారింపగా, చెప్పుకొనుటకే కాదు, దిద్దుటకును మనకు హక్కు కలదని తెలిసినది. ఆ హక్కే మమ్ము ఇంతదూరము తెచ్చినది.

డెబియన్ అను పేరులోనే యొక దాంపత్యము దాగియున్నది. 1993వ సంవత్సరము ఆగస్టు 16న దీనిని ప్రకటించిన అయాన్ మర్డాక్ తనపేరును, తాను పిదప వివాహమాడిన డెబ్రా పేరును కలిపి ఈ నామకరణము చేసెను. ఒక్కొక్క విడుదలకు టాయ్ స్టోరీ అను బొమ్మల చలనచిత్రములోని పాత్రల పేర్లు పెట్టుదురు. 2023వ సంవత్సరము జూన్ 10న వెలువడినది బుక్‌వర్మ్. 2025వ సంవత్సరము ఆగస్టు 9న వెలువడినది ట్రిక్సీ. ఎప్పటికప్పుడు మారుచు, అస్థిరమై యుండు భాగమునకు సిడ్ అని పేరు. ఆ కథలో బొమ్మలను విఱుగగొట్టు పొరుగింటి పిల్లవాడు వాడే! ట్రిక్సీలో దాదాపు 70 వేల ప్యాకేజీలు కలవు. అవి దేశదేశములయందలి స్వచ్ఛంద సేవకుల చేతిమీదుగా సిద్ధమైనవి. ఈ పనిలోనికి స్త్రీలను ఆహ్వానించుటకై 2004లో డెబియన్ విమెన్ అను ప్రయత్నము గూడ ఆరంభమైనది. 2023లో వీరి వార్షిక సమావేశము మన దేశముననే కొచ్చిలో జరిగినది.

ఈ ప్యాకేజీలలో అనేకము లైబ్రరీలు. లైబ్రరీ యనగా ఇచ్చట పుస్తకశాల కాదు, పోపులపెట్టె యనుకొనుడు. ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు వంటకమునకొకసారి ఎవరు పండించుకొందురు? పెట్టె తెఱచి వేసికొందురు. అట్లే తేదీలు లెక్కించుట, అక్షరములు పేర్చుట, చిత్రములు చదువుట మొదలగు పనులను ఒకరు వ్రాసిపెట్టగా వేలకొలది కార్యక్రమములు వానిని వాడుకొనును. కావున పోపులపెట్టెలో ఒక్క అరయందు పురుగుపడిన, పులుసు మొదలు పచ్చడి వఱకు అన్నియు చెడును.

ఆ పురుగును కనిపెట్టుటకే పరీక్షలు. లైబ్రరీ వ్రాసినవారు దానితోపాటు చిన్నచిన్న ప్రశ్నలును, వాని జవాబులును వ్రాసియుంచుదురు. ప్యాకేజీని కట్టినప్పుడెల్ల యంత్రమే ఆ ప్రశ్నలడిగి, వచ్చిన జవాబును వ్రాసియుంచిన జవాబుతో పోల్చిచూచును. మనవారికి ఈ యుపాయము క్రొత్తది కాదు. ఉత్పలమాల పాదమునకు భ-ర-న-భ-భ-ర-వ గణములు, ఇరువది యక్షరములు, పదవ యక్షరమున యతి, రెండవ యక్షరమున ప్రాస. ప్రతిని వ్రాసికొన్నవాడు ఒక యక్షరము జారవిడిచెనా, గణము కుంటుపడి తప్పు బయటపడును. పద్యమునందే దాని పరీక్షయు ఇమిడియున్నదన్న మాట. నాన్నగారు ఛందస్సు చెప్పుచు, "కుంటినచోట ఆగి చూడవలెను, నీకు తోచిన మాట అతికించి సాగిపోరాదు" అనెడివారు. ఈ హితవును మేమెట్లు మఱచితిమో ముందు తెలియగలదు.

పరీక్ష తప్పినప్పుడు ఏమి చేయవలెను? ఈ విషయమున మాకు గురువు మావారే. వారి మాట యిది: "పిల్లవాడు తప్పినచో మూడు చూడవలెను. ప్రశ్న తప్పా? గది చీకటా? చదువు తక్కువా? మూడును చూడకుండ మార్కులు దిద్దువాడు పంతులు కాడు, గుమాస్తా."

ప్రశ్నయే తప్పుగా నుండుట తఱచు కలుగును. పైథాన్ అను భాషలో రెండు విలువలు సమానమా యని యడుగు పదము ఒకటి అసర్ట్‌ఈక్వల్ అనియు, అసర్ట్‌ఈక్వల్స్ అనియు రెండు రూపముల నుండెడిది. ఎంతయో కాలము ముందుగా హెచ్చరించి, 2023 అక్టోబరులో వచ్చిన 3.12వ కూర్పున రెండవదానిని తొలగించిరి. అంతట ఆ రూపమును వాడిన పరీక్షలన్నియు ఒక్క పెట్టున తప్పినవి. లైబ్రరీలలో లోపమేమియు లేదు. ప్రశ్నపత్రపు భాష పాతబడినది. చివరనున్న "స్" తీసివేసిన చాలును. పెర్ల్ అను భాషయందు 2013లో వచ్చిన 5.18వ కూర్పు మొదలు హాష్ అను పట్టికలోని అంశముల వరుస కార్యక్రమము నడచిన ప్రతిపర్యాయమును మారవచ్చును. ఆ వరుస ఎన్నడును మారదని నమ్మి వ్రాసిన పరీక్ష ఒకనాడు నెగ్గును, ఒకనాడు తప్పును. పేరంటమునకు పిలిచిన ముత్తైదువలు తాను చెప్పిన వరుసలోనే గుమ్మము దాటవలెనని పట్టుబట్టినట్లు గదా! అందఱును వచ్చిరా లేదా అని చూచుటయే న్యాయము. పేర్లను అకారాదిగా పేర్చి పోల్చినచో చిక్కు వీడును.

గది చీకటియైనవి మఱికొన్ని. డెబియన్ యంత్రములు ప్యాకేజీని కట్టునప్పుడు పరీక్షలు ఇంటర్నెట్టును ఆశ్రయింపరాదను నియమము కలదు. తమ యింట ఇంటర్నెట్టు తెఱచియుంచి వ్రాసినవారి పరీక్ష అచ్చట ఊపిరాడక పడిపోవును. పరీక్షకై ఉంచిన ధ్రువపత్రమునకు గడువు తీరి, నిన్నటిదాక నెగ్గినది నేడు తప్పుటయు కలదు. దేశకాలముల నడుమ తేడా ఎల్లప్పుడును పూర్తి గంటలే యని తలచి వ్రాసిన పరీక్ష, అయిదున్నర గంటల తేడాగల మన దేశమున తెల్లబోవును. ఇట్టివానిని చక్కదిద్దుట సులభము. దిద్దిన దానిని ప్యాచి యను అతుకుగా కట్టి, ఎందుకు దిద్దితిమో దాని నెత్తిన వ్రాసి, మూలకర్తలకు పంపవలెను. అట్లు పంపనిచో ఆ యతుకు మన గుడిసెకు మాత్రమే. వారి మేడ కారుచునే యుండును.

ఇక మూడవది, చదువు తక్కువయగుట. అనగా పరీక్ష నిజము చెప్పుచున్నది, లైబ్రరీయందే లోపమున్నది. కష్టమంతయు ఇచ్చటనే, ఏలయన మొదటి రెండింటిని నూఱుమార్లు దిద్దిన చేతికి, నూటయొకటవదియు అట్టిదే యని తోచును. మాకును అట్లే తోచినది.

2023వ సంవత్సరారంభమున బుక్‌వర్మ్ విడుదల సమీపించినది. విడుదలకు కొన్ని నెలలముందు మార్పులను క్రమముగా ఆపివేయుదురు. దీనిని వారు ఫ్రీజ్ అందురు. ఆ సమయమున మేము చూచుకొనుచున్న యొక తేదీల లైబ్రరీలో ఒక్క పరీక్ష తప్పినది. అదియు 64 బిట్ల యంత్రములలో గాదు, పాత 32 బిట్ల యంత్రములలో మాత్రమే. దానిని చక్కదిద్దనిచో ఆ లైబ్రరీ విడుదలనుండి తొలగింపబడును. దానిపై ఆధారపడినవియు దానివెంట పోవును. ఇంట చంటిదానికి జ్వరము, సంక్రాంతికి వచ్చిన ఆడుబిడ్డల సందడి. రాత్రి పదకొండు గంటలకు కూర్చుంటిమి. దూరపు తేదీ యొకటి అడుగగా వెనుకటి తేదీ వచ్చుచున్నదని కంటితో చూచియు, కారణము వెదకలేదు. "32 బిట్ల యంత్రములలో ఈ పరీక్షను దాటవేయవలెను, అచ్చట ఇది నమ్మదగినది కాదు" అని రెండు పంక్తులు వ్రాసి పంపితిమి. యంత్రము అన్నియు నెగ్గినవని పచ్చగా చూపినది. మేము సుఖముగా నిద్రించితిమి.

నమ్మదగినది కానిది పరీక్ష కాదు, మేము! ఏడ్చు బిడ్డకు కడుపునొప్పియేమో యని చూడక నోటికి గుడ్డ కట్టితిమి.

జూన్ నెలలో బుక్‌వర్మ్ వెలువడినది. ఆ శ్రావణమున మా పొదుపుసంఘపు స్త్రీలు ఒక కోరిక కోరిరి. వారిలో తొమ్మండుగురు తమ పిల్లల పేరనో, మనుమరాండ్ర పేరనో సుకన్య సమృద్ధి ఖాతాలు తెఱచియుండిరి. 2015 జనవరిలో ఆరంభమైన ఈ పథకమున పదునైదేండ్లు సొమ్ము కట్టవలెను. ఖాతా తెఱచిన ఇరువదియొక్క యేండ్లకు గడువు తీరును. ఏటికి కనీసము 250 రూపాయలు కట్టనిచో ఖాతా ఆగిపోవును. ఆగిన ప్రతి యేటికి 50 రూపాయల అపరాధరుసుము చెల్లించి మరల తెఱవవలెను. ఎవరు ఎప్పుడు కట్టవలెనో జ్ఞాపకము చేయు పద్దుల కార్యక్రమము నొకదానిని వ్రాసి, మా పాత కంప్యూటరున బుక్‌వర్మ్ ఎక్కించి, దానిలో నడిపితిమి. తేదీల లెక్కకు ఆ లైబ్రరీనే వాడితిమి. ఆ కంప్యూటరు 32 బిట్లది.

2024 ఫిబ్రవరిలో ఆ యేడు కట్టవలసినవారి జాబితా అచ్చువేసి సంఘమున చదివితిమి. ఏప్రిలులో ఒకనాటి సాయంకాలము పొరుగింటి మామ్మగారు కఱ్ఱ పోటు వేసికొనుచు వచ్చిరి.

"ఏమమ్మా మేష్టరమ్మా, జాబితాలో మా మనవరాలి పేరు రాలేదు గదా, ఈ ఏటికి కట్టక్కర్లేదేమో అనుకున్నాను. పోస్టాఫీసుకెళితే ఖాతా ఆగిపోయిందన్నారు. దండగ కట్టాలిట!"

కంప్యూటరు తెఱచి చూచితిమి. ఆ పిల్ల ఖాతా 2018 జూన్‌లో తెఱచినది. 2039 జూన్‌న గడువు తీరవలెను. మా పద్దులో గడువు తీరిన సంవత్సరము 1903 అని యున్నది! గడువు దాటినదని తలచి కార్యక్రమము ఆమె పేరును వదలివేసినది.

మామ్మగారు కండ్లద్దములు సవరించుకొని చూచి, "అది పుట్టకమునుపే తీరిపోయిందా? అది సరేనమ్మా, నేనూ పుట్టలేదే అప్పటికి!" అని నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

తొమ్మిది ఖాతాలును చూచితిమి. అయిదు సరిగానున్నవి, నాలుగు తప్పినవి. సరియైన అయిదును 2015, 2016 సంవత్సరములలో తెఱచినవి. తప్పిన నాలుగును 2017 జనవరి తరువాత తెఱచినవి. ఇంతకన్న తేటగా నిజమెట్లు పలుకును? 2017కు ఇరువదియొకటి కలిపిన 2038.

కంప్యూటరులు కాలమును 1970వ సంవత్సరము జనవరి 1 మొదలుకొని సెకండ్లుగా లెక్కించుట వాడుక. ఆ సెకండ్ల లెక్కను 32 బిట్ల గూటిలో ఉంచినచో, దానిలో పట్టు పెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. అన్ని సెకండ్లు 2038వ సంవత్సరము జనవరి 19న నిండును. ఆ పైన ఒక్క సెకండు కలిపినను లెక్క తిరుగబడి ఋణసంఖ్యయై, 1901వ సంవత్సరమునకు పోవును. నిండిన కుంచముపై మఱియొక గింజ వేయగానే కుంచమే బోర్లపడినట్లు. మేము నోరు మూసిన పరీక్ష అడిగినది సరిగా ఈ ప్రశ్ననే. ఏడాదికి పూర్వమే అది మాకు చెప్పినది. విననిది మేము.

ఆ రాత్రి మావారితో చెప్పి చింతించితిమి. వారు దూషింపలేదు, ఊరడింపనులేదు. "ఏ ప్రశ్న కొట్టివేసితివో దానినే మరల వ్రాయుము. ముందు ఆ నలుగురికి చెప్పి రమ్ము" అనిరి.

మఱునాడు నాలుగిండ్లకును పోయి తప్పు మాదని చెప్పితిమి. నాలుగు ఖాతాల అపరాధరుసుము 200 రూపాయలు మేమే చెల్లించితిమి. ఒకామె పుచ్చుకొన నిరాకరించెను. బలవంతముగా పిల్ల చేతిలో పెట్టి వచ్చితిమి. సొమ్ము స్వల్పమే. కాని, "యంత్రము చెప్పినది గదా యని నమ్మితిమమ్మా" యని ఆమె యన్న మాట స్వల్పము కాదు. వారు నమ్మినది యంత్రమును గాదు, మమ్ము.

పిమ్మట లైబ్రరీ ముందు కూర్చుంటిమి. ఈసారి దాటవేత పంక్తులు తీసివేసి, పరీక్షను మరల తప్పనిచ్చితిమి. అది ఎచ్చట తప్పుచున్నదో ఒక్కొక్క మెట్టుగా దిగి చూచితిమి. సంవత్సరములను సెకండ్లుగా మార్చి, ఆ సంఖ్యను యంత్రము కాలమునకై ఇచ్చు గూటిలో పోయుచున్నారు. 64 బిట్ల యంత్రమున ఆ గూడు విశాలము. 32 బిట్ల దానిలో ఇఱుకు. ఆ గూటితో పనిలేకుండ, ఎచ్చటనైనను 64 బిట్లుండు సంఖ్యతో దినములు లెక్కించునట్లు మార్చితిమి. మూడు రాత్రులు పట్టినది. పరీక్ష నెగ్గినది. దానిప్రక్క క్రొత్త పరీక్ష యొకటి చేర్చితిమి: 2018 జూన్‌లో తెఱచిన ఖాతాకు ఇరువదియొక్క యేండ్ల గడువు ఎప్పుడు? జవాబు 2039 జూన్. అది మామ్మగారి మనుమరాలి పరీక్ష. ఆ పేరు మాత్రము అచ్చట వ్రాయలేదు.

మూలకర్తలకు వ్రాసిన జాబులో, ఈ లోపమును పూర్వము కప్పిపుచ్చినది మేమేయని స్పష్టముగా తెలిపితిమి. వ్రాయునప్పుడు వ్రేళ్లు వణకినవి. ప్రత్యుత్తరము రెండు దినములకు వచ్చినది. అందు నిందలేదు, ఒకచోట పేరు మార్చుడని కోరి, దిద్దుబాటును స్వీకరించిరి. కొంతకాలమునకు బుక్‌వర్మ్ వాడుకొనువారికిని అది అందినది.

ఇది మా యొక్క లైబ్రరీ కథయే కాదు. 2024లో డెబియన్ వారు 32 బిట్ల యంత్రములలో పెక్కింటికి కాలపు గూటిని 64 బిట్లకు విస్తరించు మహాకార్యమునకు పూనుకొనిరి. మా యింటిదానివంటి పాత జాతికి మాత్రము, పూర్వపు కార్యక్రమములు చెడకుండుటకై, ఇఱుకు గూటినే యుంచిరి. 2038 ఇంకను దూరమని పలువురు తలంతురు. ఆడపిల్ల పేర సొమ్ము దాచు తల్లికి అది దూరము కాదు. ఆమె పద్దులో ఇదివఱకే వచ్చి కూర్చున్నది.

నాటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. ఏ పరీక్షనైనను దాటవేయవలసి వచ్చినచో, దాని ప్రక్క కారణము వ్రాయవలెను. "నమ్మదగినది కాదు" అనుట కారణము కాదు. మనకు తెలియదనుటకు అది మంచి చీర కట్టుట మాత్రమే. కారణము దొరకనిచో, తెలియదనియే వ్రాసి, లోపముల పట్టికలో చేర్చి, తెలిసినవారిని పిలువవలెను. తెలియదని వ్రాసిన చోటికి ఎవరైన వత్తురు. తెలిసినట్లు వ్రాసిన చోటికి ఎవరును రారు.

సోదరీమణులలో ఎవరికైన ఈ పనియందు అభిరుచి కలిగినచో సంకోచింపవలదు. దీనికి పట్టము అక్కఱలేదు, జీతమును లేదు. బియ్యములో రాళ్లేరు ఓపిక, పాలు పొంగునని పొయ్యికడ నిలుచు శ్రద్ధ మనకు కలవు గదా, అవియే పెట్టుబడి. కంప్యూటరు, ఇంటర్నెట్టు, రాత్రి రెండు గంటల తీరిక యున్న చాలును. తప్పిన పరీక్షల పట్టికలు అందఱికిని కనబడునట్లు తెఱచియే యుండును. చిన్నదానితో ఆరంభింపుడు.

మొన్న మామ్మగారు మరల వచ్చిరి. ఈ యేటి జాబితాలో మనుమరాలి పేరును తాము స్వయముగా వ్రేలు పెట్టి వెదకి చూచుకొని, "ఉందిలే" యని కఱ్ఱ పుచ్చుకొని వెళ్లిరి. మా యంత్రమును ఆమె ఇక పరీక్షింపకుండ నమ్మరు. అదియే సరియని మాకును తోచుచున్నది.